పెద్దాయన పొలుసులు

మా నాన్న చంపిన చేప గురించి నేను ఆ ఏడాదంతా మైకులో గొప్పగా చెప్పాను. అది బతికున్నప్పుడూ చెప్పాను, చచ్చాక కూడా చెప్పాను.

శని ఆదివారాల్లో బౌద్ధ విహారం ముందు బల్లకట్టు మీద నిలబడి, వచ్చిన యాత్రికులకి మా ఊరి గురించి చెప్పడం నా పని. నాన్ నది మా ఊరు బాన్ ఖుంగ్ దగ్గర కొడవలిలా వంగుతుంది. ఆ వంపులో విహారం. విహారం ముందు లోతైన మడుగు. మడుగులో, విహారానివని ఎవరూ ముట్టుకోని చేపలు.

"అయ్యలారా, అమ్మలారా! వెనకటి రోజుల్లో ఉత్తరాది అడవుల్లో కొట్టిన టేకు దుంగలు నీళ్ల మీద తేలి వచ్చి ఈ వంపులోనే ఆగేవి. ఆ ఎర్రమట్టి గట్టు దగ్గరే ఒకసారి రాజుగారి పడవ కూడా ఆగింది..." అని నేను ఎత్తుకోగానే, పక్కన చేపలకి వేసే రొట్టె ముక్కలు అమ్ముతూ కూర్చున్న మా అమ్మ చమ్నియన్ నవ్వేది.

"ఎవరు చూశారే రాజుగారి పడవని?"

"చూసినవాళ్లెవరూ బతికి లేరమ్మా. అందుకే ధైర్యంగా చెప్తున్నా."

జనం వచ్చేది టేకు దుంగల కోసమూ కాదు, రాజుగారి కోసమూ కాదు. పెద్దాయన కోసం.

పెద్దాయన అంటే ఒక కాహో చేప. బొచ్చెచేపకి ఉన్నట్టు పెద్ద తలకాయ, మనిషి పొడవు ఒళ్లు, అరచేతంత పొలుసులు. ఎడమ మొప్ప మీద టీ ఒలికినట్టు ఒక మచ్చ. విహారం అధిపతిని మేమంతా పెద్దస్వామి అంటాం. ఆయన వచ్చి చెక్క మీద వేళ్లతో తట్టి అరటిపండు చూపిస్తే, అడుగునుంచి నల్లగా లేచి వచ్చి, పండు అందుకుని, మర్యాదగా వెనక్కి వెళ్లిపోయేది. మర్యాదగా అన్నది నా మైకు మాట. జనానికి బాగా నచ్చేది. చేతులు జోడించి దండం పెట్టేవాళ్లు.

ఆ మడుగు కమిటీకి మా నాన్న సవేంగ్ పెద్ద. చేపల జోలికి ఎవరొచ్చినా ఊరుకునే మనిషి కాదు. ఊరంతా ఆయన మాట వినేది.

ఆ ఏడు వర్షావాసం సగంలో ఉండగా పైన డ్యాము గేట్లు ఎత్తారు. భిక్షువులు వానాకాలమంతా రాత్రిళ్లు విహారం వదలకుండా ఉండే రోజులవి. నది గట్టు దాటింది, పొలాలు మునిగాయి. మడుగుకి హద్దుగా కట్టిన తాడు కొట్టుకుపోయింది. మడుగెక్కడో, నదెక్కడో, మా పెరడెక్కడో తెలియకుండా అంతా ఒకటే నీరు.

నాన్న మైకు నా చేతికిచ్చి, ఏం చెప్పాలో చెప్పాడు. నేను చెప్పాను. "నీళ్లు తగ్గేదాకా ఊరి హద్దులో ఎవరూ వల వేయకూడదు. మడుగు చేపలు హద్దు దాటి తిరుగుతున్నాయి. ఎవరి వలలో పడినా అది విహారం చేపే."

రేవు పక్కన నూడుల్స్ కొట్టు పెట్టుకున్న చైరత్ బాబాయి పడవలోంచి అరిచాడు. "వల వద్దంటే ఏం తిని బతకాలన్నా? రోజూ నూడుల్సేనా?"

"నీ నూడుల్స్ నువ్వే తినలేకపోతే మా చేత ఎందుకు తినిపిస్తున్నావురా?" అన్నాడు నాన్న.

పడవల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వినా మాట విన్నారు. వలలు చుట్టి అటకలెక్కించారు.

మడుగుకి దిగువన పియన్ అన్న తెప్ప ఉండేది. వెదురు బొంగుల కట్టల మీద నిలిపిన చిన్న ఇల్లది. విహారం గట్టుకి మోకులతో కట్టి ఉంటుంది, నీళ్లతోబాటు లేచి నీళ్లతోబాటు దిగుతుంది. అందులో ఆయన, లమై వదిన, వాళ్ల చంటిపిల్ల, నాలుగు కోళ్లు. చేపలు పట్టి బతికే మనిషి కాబట్టి ఊళ్లో ఏ చేప కనబడకపోయినా అందరి కళ్లూ ముందు ఆ తెప్ప మీదికే పోయేవి. ఆయన కూడా వలలు చూరు కింద పెట్టి ఇసుక బస్తాలు మోయడానికి పోయాడు.

ఒకరోజు తెల్లవారుతుండగా అమ్మ నా భుజం పట్టి కుదిపింది.

"లే. చప్పుడు చెయ్యకు."

మా ఇల్లు గుంజల మీద ఉంటుంది. మామూలు రోజుల్లో ఇంటి కింద కట్టెల మోపులు, కోళ్ల గూడు, నాన్న పడుకునే ఊయల. ఆ రోజుల్లో అక్కడ ఛాతీలోతు నీళ్లు. మెట్ల పక్కన నాన్న ఆ నీళ్లలో నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో పెద్దాయన. మొప్పల్లో నీళ్లు ఆడాలని ముందుకీ వెనక్కీ తోస్తున్నాడు. ఆయన వెనక, రెండు గుంజల మధ్య, చిరిగిన వల వేలాడుతోంది.

"ఊపిరి తీస్తోందా?" అంది అమ్మ పైనుంచి.

"తీస్తోంది. ఇందాక తీసింది."

"ఇప్పుడు?"

నాన్న తోస్తూనే ఉన్నాడు. ఎండ మెట్ల మీదికి వచ్చింది. ఆయన పెదాలు చలికి నీలంగా అయిపోయాయి. చివరికి చేతులు ఆపాడు. చేప పక్కకి ఒరిగింది. మచ్చ పైకి వచ్చింది.

"వల ఎందుకు వేశావు నాన్నా?" అన్నాను.

"మన ఇంటి కిందేగా వేశాను."

"అయితే?"

"ఇంటి కింద నీళ్లు నది కాదు. ఇంటి కింద ఏమున్నా ఇంటిది. మా తాత కాలం నుంచీ అంతే. నేను ఊరి హద్దులో వద్దన్నాను గానీ, ఎవరి ఇంటి కింద వాళ్లు వేసుకోవద్దనలేదు."

మైకులో చెప్పిన నోరు నాది. ఇంటి కింద వేసుకోవచ్చని అందులో లేదు. మా ఊళ్లో ప్రతి ఇంటి కిందా నీళ్లున్నాయి. ఎవరూ వేయలేదు.

"మీ అమ్మ పొద్దస్తమానం ఎండుమిరపకాయ నంజుకుని అన్నం మింగుతోందని..." అని ఏదో అనబోయాడు.

"నా పేరు తేకు," అంది అమ్మ. "నేను నిన్ను చేప అడిగానా?"

నేను పెద్దస్వామి దగ్గరికి వెళ్లి చెప్పేద్దామన్నాను. నాన్న నా వైపు చూడలేదు.

"వర్షావాసం ముగిసే పౌర్ణమికి మండలాధికారి వస్తున్నాడు. మన ఊరు చూడదగ్గ చోటని బోర్డు పెడతారు. బోర్డు మీద ఈ చేప బొమ్మ. కింద నా పేరు. వెళ్లి ఏం చెప్పమంటావు? చెప్పు, ఏం చెప్పమంటావు?"

పాతిపెడదామంటే నేల లేదు. ఎటు చూసినా నీళ్లే. నదిలో వదిలేద్దామంటే ఒళ్లంతా వల కోసిన గీతలు, తేలితే ఊరంతా చూస్తుంది. అప్పటికే దూరంగా ఎవరిదో పడవ ఇంజను చప్పుడు. అమ్మ లోపలికి వెళ్లి కత్తి తెచ్చింది.

"చంపింది చాలు, కుళ్లబెట్టడం కూడా ఎందుకు? పట్టండి ఇద్దరూ."

ముగ్గురం కలిసి దాన్ని మెట్ల మీదుగా వంటింట్లోకి ఈడ్చాం. తలుపు వేశాం. పగలే దీపం పెట్టుకున్నాం.

మా వంటింటి నేల చెక్కలది. చెక్కల మధ్య వేలు పట్టేంత సందులు. బియ్యం కడుగు, ఉల్లిపొట్టు, చేప పొలుసు, ఏదైనా సరే చెంబెడు నీళ్లు పోసి సందుల్లోకి తోసేయడమే మాకు అలవాటు. కింద కోళ్లు చూసుకుంటాయి. అమ్మ ఆ రోజూ అదే చేసింది. కత్తి వెనక వైపుతో గీస్తుంటే పొలుసులు టపటపా ఊడాయి. నేను నీళ్లు పోశాను. ఒక్కొక్కటీ నిలువుగా సందులోకి జారి కిందపడుతున్న చప్పుడు విన్నాను. మా ముగ్గురిలో ఎవరికీ ఏమీ తోచలేదు. కింద కోళ్లు లేవు. కింద నది ఉంది.

అమ్మ ముక్కలకి ఉప్పు, వెల్లుల్లి, అన్నం పట్టించి జాడీల్లో కుక్కింది. పులిసి తయారయ్యేసరికి ఇల్లంతా ఆ వాసనే. కానీ ముగ్గురిలో ఎవరికీ ముద్ద గొంతు దిగలేదు. నాన్న ఒకసారి నోట్లో పెట్టుకుని, లేచి వెళ్లి మెట్ల దగ్గర ఉమ్మేసి వచ్చాడు. పారేయడానికి అమ్మకి చేతులు రాలేదు. అందుకని పంచడం మొదలుపెట్టింది.

వరదకి కూరగాయలు పోయాయి, అంగడి మూతపడింది. పక్కింటికి ఒక పొట్లం, ఆ పైఇంటికి ఒక పొట్లం. చైరత్ బాబాయి మెట్ల దగ్గర పడవ ఆపి మరీ వేళ్లు నాకాడు.

"వదినా, ఏం చేప ఇది? వెన్నలా ఉంది!"

"పాత జాడీ. వరదకి ముందుది," అంది అమ్మ.

"అన్నా, నువ్వు అదృష్టవంతుడివి! ఊరంతా ఎండుమిరపకాయలు కొరుకుతుంటే నీకు ఇంట్లో ఇంత నిధి!"

నాన్న లోపలినుంచి దగ్గాడు. అంతే.

పియన్ అన్న తెప్పకి అమ్మ నన్నే పంపింది. లమై వదినకి పాలు పడాలంటే చేప మంచిదని. వదిన పొట్లం అందుకుని కళ్లనిండా సంబరపడింది. "ఈ రోజుల్లో చేప పంపేవాళ్లు ఎవరమ్మా! పిన్ని చల్లగా ఉండాలి." పియన్ అన్న ఆకు విప్పాడు. ముక్క మందం చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ ఆకు మడిచాడు.

"అందిందని చెప్పు పిన్నికి," అన్నాడు.

తిరిగొస్తూ తెడ్డు సరిగా పడక పడవ గుండ్రంగా తిరిగింది.

వరదలో పెద్దస్వామి చిన్న పడవలో భిక్షకి వచ్చేవారు. తెడ్డు ఒళ్లో పెట్టుకుని, ప్రతి ఇంటి మెట్టు దగ్గరా ఆగేవారు. మా మెట్టు దగ్గర ఆగిన రోజు అమ్మ దగ్గర అన్నం, ఆ చేప తప్ప ఇంకేమీ లేదు. వట్టి అన్నం పెట్టి పంపడానికి మనసొప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని పాత్రలో అన్నం పెట్టింది. పొట్లం చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. పెద్దస్వామి పాత్ర మూత పట్టుకుని ఆగారు. ఆమె పెట్టింది.

"మీరు తిన్నారా?" అన్నారు ఆయన.

"తిన్నాం స్వామీ."

ఆయన పడవ వంపు తిరిగేదాకా అమ్మ మోకాళ్ల మీద నుంచి లేవలేదు. లోపలికి వచ్చి జాడీలన్నీ మూతలు బిగించి వెనక గదిలోకి తోసింది. ఆ రోజు నుంచి నాన్నకి అన్నం పెట్టి పక్కన కూర్చోవడం మానేసింది.

నీళ్లు తగ్గాయి. బల్లకట్టు మళ్లీ తన చోటికి వచ్చింది. యాత్రికులు వచ్చారు. పెద్దస్వామి చెక్క మీద తట్టారు. చిన్న చేపలు వచ్చాయి. మళ్లీ తట్టారు.

నేను మైకు ఎత్తాను. "పెద్దాయన ఇవాళ అలిగాడండీ! మీరు రావడం ఆలస్యమైందని అలిగాడు!"

జనం నవ్వారు. పెద్దస్వామి అరటిపండు నెమ్మదిగా ఒలిచి చిన్న చేపలకి వేశారు. తర్వాతి వారం కూడా నేను అదే మాట చెప్పాను. ఆ పై వారం జనం నవ్వలేదు.

తర్వాతి ఉదయం చైరత్ బాబాయి చాటలో ఏవో పెట్టుకుని విహారం సభామందిరంలోకి పరుగెత్తుకొచ్చాడు. ఊళ్లో వాళ్లని కేకేశాడు. చాటలో పొలుసులు. అరచేతంత పొలుసులు, నాచు పట్టి, అంచులు చితికి.

"పియన్ తెప్ప కింద! వెదురు బొంగుల సందుల్లో! నీళ్లు దిగి తెప్ప అంచు గట్టుకి ఆనింది కాబట్టి బయటపడ్డాయి. మన పెద్దాయన్ని కోసుకు తిన్నాడు వాడు!"

పియన్ అన్నని పిలిపించారు. వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నాన్న ముందు వరసలో, కమిటీ పెద్ద స్థానంలో. నేను ఆడవాళ్లలో, అమ్మ పక్కన.

"ఏం చెప్తావు?" అన్నాడు చైరత్ బాబాయి.

"నేను వల వేయలేదు."

"మరి ఇవెక్కణ్ణుంచి వచ్చాయి? ఆకాశంలోంచి రాలాయా?"

"నదిలో ఏదైనా పైనుంచి కిందికే వస్తుంది బాబాయ్. నాది కింద ఉన్న ఇల్లు."

"ఓహో! పైన ఎవరున్నారయ్యా? బడి ఉంది. సవేంగ్ అన్న ఇల్లుంది. అంటే సవేంగ్ అన్న తిన్నాడంటావా?"

మందిరమంతా ఘొల్లుమంది. ఒకావిడ నవ్వాపుకోలేక నా భుజం మీద వాలింది. నేను కూడా నవ్వాలి కాబట్టి నవ్వాను. అమ్మ నవ్వలేదు. పియన్ అన్న తల వంచుకున్నాడు.

విహారం గట్టున విహారం చేప తిన్నవాడి తెప్ప ఉండటానికి వీల్లేదన్నారు. పౌర్ణమికి మండలాధికారి వచ్చేలోగా మోకులు విప్పుకుని వెళ్లిపోవాలన్నారు. చంటిపిల్ల ఉంది కదా అని ఎవరో అన్నారు. చంటిపిల్ల ఉన్నవాడికి బుద్ధి ఉండొద్దా అని ఇంకెవరో అన్నారు.

పెద్దస్వామి అంతసేపూ చాటలో పొలుసులే చూస్తున్నారు. చివర్లో, "సవేంగ్, నువ్వేమంటావు?" అన్నారు.

ఆయన అడిగిన తీరు మెత్తగా ఉంది. చేత్తో తలుపు తీసి పట్టుకున్నట్టు ఉంది. నాన్న ఆ తలుపు వైపు చూశాడు.

"కమిటీ మాటే నా మాట స్వామీ," అన్నాడు.

ఇంటికి వచ్చాక నేను గట్టిగా అరిచాను. నాన్నమీద నేను అలా అరవడం అదే మొదలు.

"వాళ్లెక్కడికి పోతారు నాన్నా?"

"ఎక్కడైనా కట్టుకుంటాడు. తెప్ప కదా. అది కదులుతుంది. మన ఇల్లు కదలదు. నిజం చెప్తే మనం రోజూ ఈ ఊళ్లోనే, ఈ మొహాల మధ్యే బతకాలి. ఆలోచించు."

"నేను స్వామికి పెట్టాను," అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి. నాన్న చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు. బోర్డుకి గుంత తవ్వడం ఎంతవరకు వచ్చిందో చూడాలట.

పౌర్ణమి నాడు గట్టంతా జెండాలు. అరటి దొప్పల్లో పువ్వులు. చైరత్ బాబాయి కొత్త చొక్కా వేసుకుని అందరికీ ఊరికే నూడుల్స్ పెడుతున్నాడు. కొత్త బోర్డుకి పసుపు గుడ్డ కప్పారు. మండలాధికారి కారు దిగి, నాన్నకి చేతులు జోడించి, బల్లకట్టు మీదికి వచ్చాడు. మంచి మనిషి. కళ్లజోడు, నవ్వు మొహం. నేను మైకు పట్టుకుని మొదలుపెట్టాను. నది వంపు, టేకు దుంగలు, రాజుగారి పడవ. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

అప్పుడే పియన్ అన్న తెప్ప కదిలింది.

తననెవరూ తరిమే అవసరం రాకుండా తనే మోకులు విప్పాడు. నీళ్లు తెప్పని గట్టునుంచి నెమ్మదిగా లాక్కున్నాయి. ఇల్లు, చూరుకి వేలాడే పూలకుండీలు, గంప కింద కోళ్లు, చంటిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ లమై వదిన. అన్నీ కలిసి నది నడుమకి వచ్చాయి. వెనక పియన్ అన్న గెడకర్రతో ఒక్కడే తోసుకుంటున్నాడు.

"అబ్బ, ఎంత బావుంది!" అన్నాడు మండలాధికారి. తనతో వచ్చినవాళ్లని పిలిచాడు. "ఫొటో తీయండి, ఫొటో! ఇలాంటివి ఇప్పుడెక్కడున్నాయి? ఇది కూడా బోర్డు మీద వేయించాల్సింది సవేంగ్ గారూ." జనం కూడా ఫోన్లు ఎత్తారు. వదిన ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూసింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఆ తెప్ప ఇల్లు ఎక్కడికి వెళ్తోందమ్మాయ్?"

మైకు నా నోటి దగ్గరే ఉంది.

"తెలీదండీ. మేమే పంపించేస్తున్నాం."

"అదేం? ఎందుకు?"

"చేపని మేం తిన్నందుకు."

ఆయన నవ్వబోయి, సగంలో ఆగాడు. స్పీకర్లు గట్టు పొడుగునా కట్టారు. నా మాట అవతలి ఒడ్డుకి తగిలి తిరిగి వచ్చింది.

"పెద్దాయన మా ఇంటి కింద మా వలలో పడిందండీ. మా అమ్మ పులియబెట్టి ఊరందరికీ పెట్టింది. వాళ్లకీ పెట్టింది."

చైరత్ బాబాయి చేతిలో నూడుల్స్ గిన్నె అలాగే ఉండిపోయింది. ఎవరో ఒక ఆడమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దస్వామి కళ్లు మూసుకున్నారు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూశాక నేను మైకు దించేశాను.

నాన్న నన్ను కొడతాడనుకున్నాను. ఆయన నన్ను దాటి బల్లకట్టు చివరికి వెళ్లి మా పడవలోకి దిగాడు. నేనూ వెనకే దూకాను. ఇంజను నాలుగైదు సార్లు లాగినా అందుకోలేదు. అందరూ చూస్తుండగా నాన్న తాడు లాగుతూనే ఉన్నాడు. చివరికి తెడ్లు తీసుకున్నాం.

వంపు దాటాక తెప్పని అందుకున్నాం. మా ఊళ్లో ఎవరు గుమ్మంలోకి వచ్చినా అడిగే మాటే వదిన అలవాటుగా అడిగింది.

"అన్నం తిన్నారా బాబాయ్?"

నాన్న తల ఎత్తలేదు. తెప్ప అంచు పట్టుకున్నాడు.

"తాడు ఇటు వెయ్యి పియన్. వెనక్కి లాక్కుపోదాం."

"ఒక్క పడవతో తెప్ప ఎదురెక్కదు బాబాయ్. నీకు తెలీదా? ఊళ్లో పడవలన్నీ రావాలి."

నాన్న వెనక్కి తిరిగి చూశాడు. నేనూ చూశాను. గట్టు మీద జనం చెట్ల సందుల్లోంచి ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. రేవు నిండా పడవలున్నాయి. ఒక్కటీ కదల్లేదు. ఆ చేపని వాళ్లూ తిన్నారు. ఇప్పుడు పడవ విప్పి రావాలంటే ముందుగా ఎవరు రావాలి?

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు నాన్న.

"మొదటి పొలుసు వచ్చి తగిలినప్పుడే. చేతికి అందినవి ఏరి పారేశాను. అన్నీ అందలేదు."

"మరి ఆరోజు మందిరంలో గట్టిగా చెప్పలేదేం అన్నా?" నేనడిగాను.

పియన్ అన్న గెడ దింపి, అడుగు తగిలిందో లేదో చూసుకుని, మళ్లీ ఎత్తాడు.

"నేను చెప్తే మీ నాన్న మీద నింద వేసినట్టు ఉంటుంది. నవ్వారు కదా, చూశావుగా. మీరు చెప్తారనుకున్నాను. మీ నాన్న నోరు తెరిచినప్పుడల్లా, ఇదిగో ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. ఇవాళ పొద్దున మోకు విప్పేదాకా అనుకుంటూనే ఉన్నాను."

ఆయన గొంతులో కోపం ఉంటే బావుండేది.

ముందు పాత వంతెన. దాని స్తంభాల మధ్య నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. అంత పొడుగు తెప్పని ఒక్కడు నడపలేడు. తగిలితే వెదురు కట్టలు విడిపోతాయి. పియన్ అన్న అటు చూశాడు, చంటిదాన్ని చూశాడు. మమ్మల్ని ఏమీ అడగలేదు.

నాన్న మా పడవని తెప్పకి కట్టేసి పైకి ఎక్కాడు. చూరు కింద పెట్టిన రెండో గెడ తీసుకుని ముందు మూలకి వెళ్లాడు. చొక్కా జేబుకి కమిటీ పెద్దకని పెట్టిన రిబ్బను పువ్వు ఇంకా ఉంది. అది ఉన్నట్టు ఆయనకి గుర్తు లేదు.

"ఎడమకి కొట్టు," అన్నాడు పియన్ అన్న.

నాన్న ఎడమకి కొట్టాడు.

"ఇంకా."

ఇంకా కొట్టాడు. తెప్ప మూల స్తంభానికి జానెడు దూరంలో జారిపోయింది. వంతెన అవతల నీళ్లు వెడల్పుగా, నిదానంగా ఉన్నాయి. మా ఊరి స్పీకర్లు వినిపించడం లేదు. ఇక గెడ అవసరం లేకపోయినా నాన్న దించలేదు. నేను చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూస్తూ ఉన్నాను. చీకటిపడేదాకా ఆయన ఆ ఇంటిని ఎక్కడా తగలనివ్వకుండా, ఎంతో జాగ్రత్తగా, మా ఊరికి దూరంగా నడిపించాడు.